పిట్టకథను దాటేస్తే పెదనాన్న దొరకడు

మొన్న వేసవి సెలవుల్లో అక్క కొడుకు మా ఇంట్లో మూడు వారాలు ఉన్నాడు. పదో తరగతి పుస్తకాలు సంచిలో తెచ్చుకున్నాడు కానీ వాటి జోలికి పోలేదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ అనే కార్టూన్ సీరియల్ చూడాలని మా ఒప్పందం. నాకు అది నాలుగోసారి, వాడికి మొదటిసారి. మొదటి సీజన్ ఒక్క గొడవా లేకుండా గడిచిపోయింది. రెండో సీజన్ సగం దాటాక ఒక రాత్రి వాడు ఫోన్ చూస్తూ, "పిన్నీ, ఇవాళ్టి ఎపిసోడ్ వదిలేద్దాం. ఇది ఫిల్లర్ అంట. కథ అస్సలు కదలదంట" అన్నాడు.

ఏదా అని చూస్తే రెండో సీజన్ పదిహేనో ఎపిసోడ్. ‘టేల్స్ ఆఫ్ బా సింగ్ సే’, అంటే బా సింగ్ సే అనే నగరపు కథలు.

నాకు నిజంగా కోపం వచ్చింది. పిల్లాడి మీద కాదు. ఏ ఎపిసోడ్ చూడాలో, ఏది దాటేయాలో పట్టికలు వేసి పెట్టేవాళ్ల మీద. ఆ రాత్రి వాడితో అరగంట వాదించాను. చెప్పాల్సింది ఇంకా మిగిలిపోయింది. అందుకే ఇది.

ఈ సీరియల్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది అమెరికాలో నికెలోడియన్ ఛానల్లో 2005 ఫిబ్రవరి నుంచి 2008 జూలై వరకు వచ్చింది. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు 23 నిమిషాలు. సృష్టికర్తలు మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనీట్జ్‌కో. బొమ్మలకు ప్రాణం పోసింది ఎక్కువగా దక్షిణ కొరియా స్టూడియోలు. నీరు, భూమి, అగ్ని, వాయువు అని నాలుగు జాతులు. అగ్ని రాజ్యం మిగతా ప్రపంచం మీద నూరేళ్లుగా యుద్ధం చేస్తోంది. నాలుగు భూతాలనూ వశం చేసుకోగల ఒకే ఒక్కడు అవతారుడు. ఆ అవతారుడు ఆంగ్ అనే పన్నెండేళ్ల పిల్లాడు. వాణ్ణి పట్టి తెస్తేనే ఇంట్లోకి రానిస్తానని తండ్రి వెళ్లగొట్టిన అగ్ని రాకుమారుడు జూకో. ఆ జూకో వెంట ఓడలో తిరుగుతూ, టీ కాచుకుంటూ, వాడికి బుద్ధి చెబుతూ ఉండే పెద్దాయన ఐరో.

ఇంగ్లీషులో జూకో ఆయన్ని ‘అంకుల్’ అంటాడు. నాకు మొదట్నుంచీ ఆ మాట చాలేది కాదు. ఐరో జూకో తండ్రికి అన్న. అంటే మనకు పెదనాన్న. అంకుల్ అన్న మాటలో పక్కింటాయన కూడా ఇమిడిపోతాడు. పెదనాన్న అన్న మాటలో మాత్రం నాన్న ఉన్నాడు. ఈ సీరియల్ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ ‘ఫిల్లర్’ అన్న మాట సంగతి చూద్దాం. అది యానిమే, అంటే జపాన్ కార్టూన్ల అభిమానుల మాట. అక్కడ దానికి కచ్చితమైన అర్థం ఉంది. పత్రికలో వారం వారం వచ్చే మాంగాను, అంటే జపాన్ బొమ్మల కథను, టీవీకి తీస్తున్నప్పుడు, టీవీ కథ మాంగాను అందుకుంటే ఇక ముందుకు పోవడానికి కథ ఉండదు. అప్పుడు స్టూడియో వాళ్లు మాంగాలో లేని కథలు సొంతంగా అల్లి మధ్యలో పెడతారు. అదీ ఫిల్లర్. ‘నరూటో’ మొదటి సీరియల్లో 220 ఎపిసోడ్లుంటే, చివరి 80 పైచిలుకు దాదాపు అన్నీ అలాంటివే. అవి చూసి విసుగొచ్చిన పిల్లలు దాటేయడానికి జాబితా వేసుకున్నారంటే నాకు అర్థమవుతుంది. నేనూ దాటేశాను.

అవతార్‌కు వెనకాల మాంగా ఏదీ లేదు. దాన్ని అందుకుని ఆగిపోయే ప్రమాదమూ లేదు. అందులో ప్రతి ఎపిసోడూ రాసినవాళ్లు కావాలని రాసిందే. ఇక దేన్ని పట్టుకుని ఇది ఫిల్లర్ అంటారు? అడిగితే చెప్పేది ఒకటే: కథ ముందుకు పోలేదు. అంటే ఎవరు ఎవర్ని ఓడించారు, ఏ ఊరు నుంచి ఏ ఊరు వెళ్లారు, ఏ రహస్యం బయటపడింది, ఇదే కథ అని వాళ్ల లెక్క. మిగిలిందంతా దండగ.

ఆ లెక్క నాకు కొత్తగా ఉంటుంది. నేను పెరిగిన చోట కథ అలా చెప్పేవారు కాదు.

తెనాలి దగ్గర మా తాతయ్య వాళ్ల ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో హరికథ పెట్టించేవారు. హరిదాసు గారు చిరతలు పట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, సీతాపహరణం దాకా తెచ్చి, రావణుడు మారువేషంలో గుమ్మం ముందు నిలబడ్డాడనగా ఆపేవారు. ఆపి, "అన్నట్టు మీకొక పిట్టకథ చెప్పాలి" అనేవారు. అప్పుడు ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. అటు నిద్రపోతున్న పిల్లలు కూడా లేచేవారు. ఎవరో అత్తగారి కథో, సంతకెళ్లి ఎద్దు బదులు మాటలు కొనుక్కొచ్చిన ఒకాయన కథో పది నిమిషాలు చెప్పి, జనం నవ్వుతుండగానే గొంతు మార్చి మళ్లీ గుమ్మం దగ్గరికి తీసుకెళ్లేవారు. ఆ పిట్టకథలో మోసపోయినవాడి వల్ల, గీత దాటుతున్న సీతమ్మ మనకు ఇంకా దగ్గరగా కనబడేది. పందిట్లో కూర్చున్న వాళ్లందరికీ రాముడి కథ తెలుసు. సీతను ఎత్తుకెళ్తాడని తెలుసు, వారధి కడతారని తెలుసు. తర్వాతేమిటన్న ఆత్రుతతో వచ్చినవాడు ఆ పందిట్లో ఒక్కడూ లేడు.

భారతంలో కూడా అంతే కదా. అరణ్యపర్వంలో ధర్మరాజు అడవిలో కూర్చుని, జూదంలో రాజ్యం పోగొట్టుకుని, నాకంటే దురదృష్టవంతుడు ఎవడైనా ఉన్నాడా అని బాధపడతాడు. అప్పుడు బృహదశ్వుడనే ముని నలుడి కథ చెబుతాడు. నలుడూ జూదంలోనే రాజ్యం పోగొట్టుకున్నాడు, అడవిపాలయ్యాడు, భార్యకు దూరమయ్యాడు, చివరికి మళ్లీ నిలదొక్కుకున్నాడు. పాండవుల కథ ఆ ఉపాఖ్యానంలో ఒక్క అడుగు ముందుకు పడదు. నన్నయగారు తెలుగు చేసిన భాగంలోనే ఉంది నలోపాఖ్యానం. ఆయన దాన్ని దాటేయలేదు.

ఇప్పుడు మళ్లీ బా సింగ్ సే దగ్గరికి.

ఆ ఎపిసోడ్‌లో ఆరు చిన్న కథలుంటాయి. ఆంగ్ స్నేహితులైన అమ్మాయిలు కటారా, టాఫ్ ఒకరోజు బయట తిరుగుతారు. కటారా అన్న సోకా కవిత్వం పోటీలో చిక్కుకుంటాడు. ఆంగ్ జంతువులకు కొత్త చోటు వెతుకుతాడు. జూకో ఒక అమ్మాయితో షికారుకెళ్తాడు. మోమో అనే పెంపుడు జంతువుకీ ఒక కథ ఉంది. ఐరో కథ రెండోది. నాలుగైదు నిమిషాలుంటుంది, అంతే.

ఐరో అంగట్లో ఒక బుట్ట కొంటాడు. దారిలో ఏడుస్తున్న పసివాడికి పాట పాడి ఊరుకోబెడతాడు. యుద్ధం నుంచి ఇంటికి నడిచొచ్చే చిన్న సైనికుడి పాట అది. బంతితో కిటికీ పగలగొట్టిన పిల్లలకు సలహా చెబుతాడు. తనను దోచుకోవడానికి వచ్చిన దొంగకు, కాళ్లు సరిగా పెట్టి నిలబడడం నేర్పి, టీ ఇచ్చి, కబుర్లు చెప్పి పంపుతాడు. చివర్లో ఒక గుట్ట ఎక్కి, చెట్టు కింద బుట్టలోవన్నీ సర్ది, ఒక యువకుడి బొమ్మ పెట్టి ధూపం వెలిగిస్తాడు. చనిపోయిన కొడుకు పుట్టినరోజు. పొద్దున్న పసివాడికి పాడిన పాటే మళ్లీ పాడతాడు. ఈసారి పూర్తిగా పాడలేకపోతాడు.

జాబితాలు వేసేవాళ్లు చెప్పేది నిజమే: ఇందులో కొత్త సమాచారం లేదు. ఐరో కొడుకును పోగొట్టుకున్నాడని మొదటి సీజన్ చివర్లోనే ఆయన నోటితోనే విన్నాం. కొడుకు పేరు లూ టెన్ అనీ, బా సింగ్ సే యుద్ధంలో పోయాడనీ రెండో సీజన్ ఏడో ఎపిసోడ్‌లో తెలిసింది. పరీక్షలో అడిగితే రాయగలం. కానీ తెలియడం వేరు, ఆ గుట్ట మీద ఆయన పక్కన కూర్చోవడం వేరు.

ఇంకా ఒక్క అడుగు వెనక్కి వెళ్లాలి. ఆ ఏడో ఎపిసోడ్ ‘జూకో అలోన్’. దీన్నీ దాటేయమనే వాళ్లున్నారు. ఎందుకంటే కథానాయకుడు ఆంగ్ అందులో ఒక్కసారీ కనబడడు. ఆకలితో, ఒంటరిగా తిరుగుతున్న జూకో ఒక పల్లెలో రైతు కుటుంబం దగ్గర ఆగుతాడు. వాళ్ల కప్పు బాగుచేస్తూ వేలు మీద కొట్టుకుంటాడు. ఆ ఇంటి పెద్దకొడుకు అగ్ని రాజ్యంతో యుద్ధానికి వెళ్లాడు. చిన్నవాడు జూకోను అన్నలా చూస్తాడు. మధ్యమధ్యలో జూకో చిన్ననాటి జ్ఞాపకాలు. అందులో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు: ఐరో అప్పట్లో అగ్ని రాజ్యపు సేనాపతి, బా సింగ్ సేను ముట్టడించి కూర్చున్నాడు. అక్కణ్ణుంచి పిల్లలకు బహుమతులతో ఉత్తరం రాస్తూ, ఈ నగరాన్ని మీరంతా ఒకరోజు చూడాలి, మేము తగలబెట్టకుండా మిగిలితే అని పరాచికం ఆడతాడు. పిల్లలు నవ్వుతారు. జూకో తల్లి కూడా నవ్వుతుంది. మంచి తల్లి, మంచి పెదనాన్న, మంచి పిల్లాడు అందరూ కలిసి ఒక ఊరు తగలబడడం గురించి నవ్వుతారు. యుద్ధం గురించి పిల్లల టీవీలో ఇంతకంటే నిజమైన దృశ్యం నేను చూడలేదు.

ఆ ఉత్తరం గుర్తుపెట్టుకుని బా సింగ్ సే ఎపిసోడ్ చూడండి. 600 రోజులు ముట్టడించిన మనిషి ఇప్పుడు అదే నగరంలో, ఎవరికీ తెలియని శరణార్థిగా, టీ దుకాణంలో పనివాడిగా ఉన్నాడు. తాను తగలబెడతానన్న వీధుల్లోనే పిల్లాడికి పాట పాడుతున్నాడు. తన కొడుకు చచ్చిపోయింది ఈ గోడల దగ్గరే. ఎవరూ నోరు తెరిచి ఇది చెప్పరు. రెండు పిట్టకథలనూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకే అది తెలుస్తుంది. ఒకదాన్ని దాటేస్తే రెండోది సగమే మిగులుతుంది. రెండూ దాటేస్తే ఐరో మంచి మాటలు చెప్పే లావాటి తాత, అంతే.

ఆయనకు గొంతిచ్చిన నటుడు మాకో 2006 జూలైలో చనిపోయారు. ఆ ఎపిసోడ్ సెప్టెంబరులో వచ్చింది. ఐరో కథ ముగిశాక తెర మీద ఆయన పేరుతో నివాళి కనబడుతుంది. నేను మొదటిసారి 2013లో హాస్టల్ గదిలో ఇది చూసినప్పుడు ఆ పేరు ఎవరిదో తెలియదు. రెండోసారి 2020 లాక్‌డౌన్‌లో చూశాను. అప్పటికి తాతయ్య పోయి ఏడాది. మధ్యలో ఆపేసి, బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను.

ప్రతి పిట్టకథా గొప్పదని నేను అనను. మొదటి సీజన్ పదకొండో ఎపిసోడ్ ‘ద గ్రేట్ డివైడ్’ బాగా లేదు. ఒక పెద్ద లోయ దాటుతూ కొట్టుకునే రెండు గుంపులను ఆంగ్ ఒక అబద్ధం చెప్పి కలుపుతాడు. దానికి ముందూ వెనకా ఏ తీగా లేదు. అది చూశాక ఎవరూ మారరు. మూడో సీజన్లో వీళ్ల కథనే ఒక నాటకసమాజం ఆడే ఎపిసోడ్ ఉంది. అందులో ఆ లోయ దగ్గరికొచ్చేసరికి నటులు ఆగకుండా ఎగిరిపోతారు. రాసినవాళ్లకే తెలుసన్నమాట. హరిదాసు చెప్పిన పిట్టకథలన్నీ పండవు. కానీ ఒకటి పండలేదని హరికథలోంచి పిట్టకథ తీసేయమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు తీసేస్తున్నారు. నా దిగులు అదే.

2010లో ఎం. నైట్ శ్యామలన్ మొదటి సీజన్ మొత్తాన్ని, 20 ఎపిసోడ్లను, వంద నిమిషాల పైచిలుకు సినిమాగా తీశారు. అందులో మనుషులు ఒకరికొకరు కథ అప్పజెబుతూ ఉంటారు. దాని గురించి ఇంతకంటే మాట్లాడను. 2024 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ బొమ్మల బదులు నటులతో తీసిన సీరియల్ వచ్చింది. మొదటి సీజన్ 8 ఎపిసోడ్లు. తక్కువ ఎపిసోడ్లు కాబట్టి చోటు చాల్లేదని చాలామంది సర్దిచెప్పారు. నేను కూర్చుని లెక్క వేశాను. కార్టూన్ మొదటి సీజన్ ఏడున్నర గంటల చిల్లర. నెట్‌ఫ్లిక్స్‌ది ఏడు గంటల చుట్టుపక్కల. తేడా అరగంటకు కాస్త అటూ ఇటూ. చోటు లేకపోవడం సమస్య కానే కాదు.

సమస్య ఆగడానికి భయపడడం. కార్టూన్‌లో జెట్ అనే కుర్రాడికి ఒక పూర్తి ఎపిసోడ్ ఉంది. కటారా అతన్ని నమ్ముతుంది, ఇష్టపడుతుంది. శత్రువుల మీద పగతో అతను ఊరు మొత్తాన్ని ముంచేయబోతున్నాడని తెలిసి విరిగిపోతుంది. 23 నిమిషాలూ ఆ ఒక్క సంగతే. కొత్త సీరియల్లో జెట్‌నూ, ముసలి రాజు బూమీనీ, యంత్రాలు చేసే ఆయన్నీ, ఆయన కొడుకునూ, రెండో సీజన్లో రావాల్సిన గుహనూ అన్నీ తెచ్చి ఒమాషూ అనే ఒకే నగరంలో, రెండు ఎపిసోడ్లలో కుక్కారు. అందరూ వచ్చారు. ఎవరి పక్కనా కూర్చునే తీరిక దొరకలేదు. పెళ్లిలో బంధువులందరినీ పలకరించి, ఒక్కరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చినట్టు ఉంటుంది.

అయితే ఆ సీరియల్లో నాకు కళ్లు చెమర్చిన చోటు ఒకటుంది. న్యాయంగా అదీ చెప్పాలి. కార్టూన్‌లో జూకో తండ్రి ఆగ్రహానికి గురైంది, 41వ దళంలోని కొత్త సైనికులను బలిపెట్టడం తప్పని సభలో అన్నందుకు. ఆ దళం ఏమైందో కార్టూన్ చెప్పదు. కొత్త సీరియల్ వాళ్లు ఆ దళాన్నే జూకో ఓడ సిబ్బందిగా పెట్టారు. చిరాకుపడే ఈ కుర్రాడి ముఖం మీద తండ్రి కాల్చిన మచ్చ తమ ప్రాణాల ఖరీదని వాళ్లకు ఐరో ద్వారా తెలుస్తుంది. తర్వాత జూకో ఓడెక్కితే అందరూ లేచి వందనం చేస్తారు. కథ ఒక్క అంగుళం కదలదు. అభిమానులు ఆ సీరియల్లో మెచ్చుకున్న చోట్లలో ముందుగా చెప్పేది దీన్నే. అంటే దాటేయాలనుకున్నవాళ్లు కూడా ఒక పిట్టకథ చెప్పినప్పుడే గెలిచారు.

‘ఆర్కేన్’ అనే బొమ్మల సీరియల్ సంగతేమిటని అడగొచ్చు. సీజన్‌కు తొమ్మిదే ఎపిసోడ్లు, అద్భుతంగా ఉంటుంది కదా అని. ఉంటుంది. మొదటి సీజన్‌ను నేనూ నెత్తిన పెట్టుకుంటాను. 2024లో వచ్చిన రెండో సీజన్ మాత్రం పరుగో పరుగు. ఆ పరుగులో ఏడో ఎపిసోడ్ ఒక్కటి ఆగుతుంది. ఇంకో లోకంలో, యుద్ధం రాని జీవితంలో, ఎకో, పౌడర్ అనే ఇద్దరు కలిసి డాన్సు చేస్తారు. నాతో ఆ సీజన్ గురించి మాట్లాడిన ప్రతివాళ్లూ మొదట ఎత్తేది ఆ డాన్సే. ‘అడ్వెంచర్ టైమ్’ అనే ఇంకో కార్టూన్లో కూడా, రాకుమార్తెలను ఎత్తుకుపోయే పిచ్చి ముసలాడిగా దాదాపు నాలుగు సీజన్లు నవ్వించిన ఐస్ కింగ్ ఒకప్పుడు అనాథ పాపను సాకిన మనిషని తెలిసేది 11 నిమిషాల ఒక చిన్న కథలో. అతనికి ఇప్పుడు ఆ పాప గుర్తులేదు.

పిట్టకథ ఒక్కటే ఉంటే చాలా అంటే, చాలదు. మన హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ వాళ్లు తీసే ‘ఛోటా భీమ్’ 2008 నుంచీ వస్తోంది. మా వీధిలో దాన్ని చూడని పిల్లలు లేరు, నాకు దాని మీద ప్రేమే ఉంది. కానీ అందులో ప్రతి కథా ముగియగానే ఢోలక్‌పూర్ మళ్లీ మొదటికొస్తుంది. ఇవాళ నేర్చుకున్నది రేపటి భీముడికి ఉండదు. పిట్టకథకు బలం రావాలంటే గుమ్మం ముందు రావణుడు నిలబడి ఉండాలి. వెనక్కి వెళ్లడానికి ఒక అసలు కథ కావాలి. అవతార్‌లో ఆ రెండూ ఉన్నాయి. మన దగ్గర ఇంత మంది బొమ్మలు గీసేవాళ్లున్నారు, ఇంత పిట్టకథల సంపద ఉంది. మూడేళ్ల పాటు పెరిగే ఒక పెద్ద కథను మన పిల్లలకు తెలుగులో ఎవరైనా చెబితే చూడాలని నాకు చాలా ఆశ.

సరే, ఆ రాత్రి వాదన తర్వాత మావాడు ఒప్పుకుని చూశాడు. మోమో కథ దగ్గర నవ్వాడు. ఐరో కథ అయ్యాక ఏమీ అనలేదు. కాసేపటికి, "ఆ ఊరు ముట్టడించింది ఈయనే కదా పిన్నీ" అన్నాడు. అవునన్నాను.

వారం తర్వాత మూడో సీజన్ చివరికొచ్చాం. రెండో సీజన్ ఆఖర్లో జూకో ఆ పెదనాన్ననే వదిలేసి చెల్లెలి పక్షం చేరాడు. ఆయన జైలుపాలయ్యాడు, తర్వాత తప్పించుకున్నాడు. ఇప్పుడు జూకో ఆయన గుడారంలోకి వస్తాడు. ఆయన నిద్రపోతుంటే రాత్రంతా పక్కనే కూర్చుంటాడు. తెల్లారి ఏడుస్తూ క్షమాపణ చెప్పడం మొదలుపెడతాడు. మాట పూర్తికాకముందే ఐరో వాణ్ణి లాగి గుండెకు హత్తుకుంటాడు.

మావాడు రిమోట్ తీసుకున్నాడు. తర్వాతి ఎపిసోడ్ పెడతాడనుకున్నాను. వెనక్కి వెళ్లి, రెండో సీజన్ తెరిచి, పదిహేనోది పెట్టాడు. అప్పటికి వాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చిన అక్క, సంచులు సర్దుతూ హాల్లోకొచ్చి, "ఎవర్రా ఆ పెద్దాయన, ఏం పాడుతున్నాడు?" అని అడిగింది.

"జూకో వాళ్ల పెదనాన్న. కూర్చోమ్మా, చెప్తాను" అన్నాడు వాడు.